పదిమందికీ ఒకే వెలుగు: ఫ్యామిలీ ఫోటోకు చవకలో ఏ లైటు సామాను మేలు?

ఫ్లాష్ కొన్న మర్నాటి నుంచే రెండో ఖర్చు మొదలవుతుంది. అంబ్రెల్లాలు, సాఫ్ట్‌బాక్సులు, ఆక్టాబాక్సులు, బ్యూటీ డిష్‌లు, ఫ్లాష్ తలకు తొడిగే ప్లాస్టిక్ డోములు. వందల రూపాయల నుంచి వేల రూపాయల దాకా ధర పలికే ఈ సామానంతటిదీ దాదాపు ఒకటే పని. ఫ్లాష్ నుంచి సూటిగా దూసుకొచ్చే గట్టి వెలుగును వెడల్పు చేసి, మెత్తబరిచి, అనుకున్న చోట పడేలా చూడటం. ఫోటోగ్రాఫర్లు వీటన్నిటినీ కలిపి లైట్ మాడిఫయర్లు అంటారు.

వీటి గురించి దొరికే సలహాలకు కొదవ లేదు. కానీ వాటిలో ఎక్కువ భాగం ఎత్తైన కప్పున్న స్టూడియోలో, ఒక్క మోడల్‌ను నిలబెట్టి చూసి చెప్పినవే. కుటుంబ చిత్రం లెక్క వేరు. షష్టిపూర్తి నాడు తీసే గ్రూప్ ఫోటోలో తాతగారి కళ్లజోడు ఉంటుంది, అమ్మమ్మ పట్టుచీర జరీ ఉంటుంది, చంకలో క్షణం కుదురుగా ఉండని పసివాడు ఉంటాడు, హాలు వెడల్పు చూస్తే పన్నెండు అడుగులు దాటదు. తీసిన బొమ్మ ముప్పై నలభై ఏళ్లు గోడ మీద ఉంటుంది. వరస చివర నిలబడ్డ చిన్నత్త ముఖం నీడలో కలిసిపోతే ఆ లోటు కూడా అన్నేళ్లూ గోడ మీదే ఉంటుంది. అందుకే ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటే: తక్కువ ఖర్చుతో, చిన్న గదిలో, అందరి ముఖాల మీదా సమానంగా వెలుగు పరిచేది ఏది?

మెత్తదనం దేన్ని బట్టి వస్తుంది

వెలుగు గట్టిదా మెత్తదా అన్నది ఫ్లాష్ ఖరీదును బట్టి ఉండదు. ఎదుటి మనిషి ఉన్న చోటు నుంచి చూస్తే ఆ వెలుగు వచ్చే జాగా ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్నదే అసలు సంగతి. సూర్యుడు ఎంత పెద్దవాడైనా దూరాన చిన్న బిళ్లలాగే కనబడతాడు కాబట్టి మిట్టమధ్యాహ్నం ముక్కు కింద నీడ అంచు కత్తిరించినట్టు పడుతుంది. మబ్బు పట్టగానే ఆకాశమంతా వెలుగు జాగా అవుతుంది, నీడ కరిగిపోతుంది.

కెమెరా మీద పెట్టే మామూలు స్పీడ్‌లైటు తల సుమారు ఎనిమిది సెంటీమీటర్ల పొడవు, అయిదు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్నే 43 అంగుళాల అంబ్రెల్లా గుండా పంపిస్తే వెలుగు జాగా నూటయాభై రెట్లకు పైగా పెరుగుతుంది. ఒక్క ముఖం తీసేటప్పుడు అంబ్రెల్లా ఎంత వెడల్పు ఉందో దాదాపు అంత దూరంలో పెడితే వెలుగు చాలా మెత్తగా ఉంటుందన్నది ఈ వృత్తిలో చాలామంది పాటించే లెక్క. దూరం రెట్టింపు చేస్తే రెండు నష్టాలు కలిసి వస్తాయి. వెలుగు జాగా సగం వెడల్పే ఉన్నట్టు కనిపించి నీడలు గట్టిపడతాయి, అందే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది.

ఈ ఒక్క సూత్రం గుర్తుంటే సగం అనవసరపు కొనుగోళ్లు ఆగిపోతాయి. ఉదాహరణకు ఫ్లాష్ తలకు తొడిగే ప్లాస్టిక్ డోము. అది ఫ్లాష్ కన్నా ఏమంత పెద్దది కాదు. ఆరుబయట దాని వల్ల నీడ మెత్తబడదు, పైగా అది ఫ్లాష్ శక్తిని మింగేస్తుంది. తెల్ల గోడలు, తెల్ల పైకప్పు ఉన్న గదిలో మాత్రం కొంత పనికొస్తుంది. అక్కడ కూడా మెత్తదనం ఇచ్చేది గోడలే. డోము చేసేదల్లా వెలుగును వాటి వైపు చిమ్మడం.

పైసా ఖర్చు లేని మాడిఫయర్

డోము చేసే ఆ పని ఫ్లాష్ తల తిప్పినా జరుగుతుంది. ఫ్లాష్‌ను మనుషుల మీదికి కాకుండా పైకప్పుకో, వెనక గోడకో కొడితే అక్కడ పడ్డ వెలుగు మరకే పెద్ద లైటుగా మారుతుంది. దీన్నే బౌన్స్ అంటారు.

ఈ పద్ధతికి మన దేశపు సినిమా చరిత్రలో గొప్ప స్థానముంది. సత్యజిత్ రే 1956లో తీసిన ‘అపరాజితో’లో కాశీలోని ఇంటి ముంగిలిని కలకత్తా స్టూడియోలో సెట్టుగా వేశారు. నిజం ఇంటి ముంగిట్లోకి ఆకాశం నుంచి నీడల్లేకుండా దిగే వెలుగును ఆ సెట్టులో తేవడానికి ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్టు పైన తెల్ల గుడ్డ పరిపించి, లైట్లను కింది నుంచి దాని మీదికి కొట్టించాడు. గుడ్డ నుంచి తిరిగి పడ్డ వెలుగుకు సెట్టు నిజం ఇల్లులా కనబడింది. అప్పటికాయన వయసు ముప్పైకి లోపే. ఆయన వాడింది ఖరీదైన పరికరం కాదు, వెడల్పాటి తెల్ల గుడ్డ.

మన ఇళ్లలో బౌన్స్‌కు రెండు అడ్డంకులున్నాయి. మొదటిది రంగు. లేతాకుపచ్చ గోడకు కొట్టిన వెలుగు ఆకుపచ్చగానే తిరిగొచ్చి చెంపల మీద పడుతుంది. పైకప్పుకు సున్నమో తెల్ల డిస్టెంపరో ఉంటే చింత లేదు గానీ, ఇప్పటి ఫాల్స్ సీలింగ్‌లలో గోధుమ రంగు చెక్క పలకలు, రంగు ఎల్‌ఈడీ పట్టీలు వచ్చాయి. ఇంటి ఎల్‌ఈడీ బల్బులు చాలావరకు 6500 కెల్విన్‌ల నీలపు తెలుపు, ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్‌లు. రెండూ కలిస్తే ఒక చెంప ఒక ఛాయలో, రెండో చెంప ఇంకో ఛాయలో వస్తాయి. ఫోటో తీసే అయిదు నిమిషాలూ గది లైట్లు ఆపేస్తే ఈ తంటా ఉండదు.

రెండోది దిశ. వెలుగంతా నడినెత్తి నుంచి పడితే కళ్లు గుంటల్లోకి పోయినట్టు నల్లబడతాయి. నుదురు ముందుకున్న పెద్దవాళ్లలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫ్లాష్ తలను నిట్టనిలువుగా కాకుండా ఫోటోగ్రాఫర్ వెనక్కి, పై మూలకు వంచితే వెలుగు గోడా కప్పూ కలిసే చోటు నుంచి ఏటవాలుగా వస్తుంది, కళ్లలోకి ప్రాణం వస్తుంది. తెల్ల గోడలున్న ఇంట్లో నలుగురైదుగురి ఫోటోకు ఇంతకు మించిన సామాను అక్కర్లేదు. పసిపిల్లల విషయంలో ఇదే మంచి పద్ధతి కూడా. మెరుపు సూటిగా కళ్లలో పడదు కాబట్టి పిల్లవాడు ఉలిక్కిపడడు, రెండో ఫోటోకు ముఖం తిప్పుకోడు.

గొడుగుదే పైచేయి

గది సహకరించనప్పుడు కొనాల్సిన మొదటి వస్తువు అంబ్రెల్లా. అమెరికాలో బాల్టిమోర్ సన్ పత్రికలో ఫోటోగ్రాఫర్‌గా పనిచేసిన డేవిడ్ హాబీ 2006 నుంచి స్ట్రోబిస్ట్ పేరుతో చిన్న ఫ్లాష్‌లతో లైటింగ్ ఎలాగో లోకానికి ఉచితంగా నేర్పించాడు. ఆయన చెప్పిన తొలి సరంజామాలో ఉన్నవి ఒక చిన్న ఫ్లాష్, మడతపెట్టే స్టాండు, ఒక తెల్ల అంబ్రెల్లా. తర్వాత వచ్చిన వందల రకాల సామాను కూడా ఈ జాబితాను పాతబరచలేకపోయింది.

అంబ్రెల్లాల్లో మూడు రకాలు ప్రధానం. తెల్ల గుడ్డ గుండా వెలుగును ముందుకు పంపేది షూట్ త్రూ. దీన్ని మనిషికి చాలా దగ్గరగా తేవచ్చు, ఎందుకంటే దాని కాడ వెనక్కి ఉంటుంది. అయితే సగానికి సగం వెలుగు వెనక్కి తన్ని గదంతా తిరుగుతుంది. తెల్ల గోడల గదిలో ఆ తిరుగుడు వెలుగు నీడల్ని నింపి మేలు చేస్తుంది, రంగు గోడల గదిలో అదే రంగు తెచ్చిపెడుతుంది. రెండో రకం లోపల వెండి పూత ఉన్నది. ఇది వెలుగును తక్కువ వృథా చేస్తుంది, కానీ వెలుగు కరుకు. మూడోది లోపల తెలుపు, బయట నలుపు ఉన్నది. వెలుగును వెనక్కి పోనివ్వదు, ముందుకు మెత్తగా పంపిస్తుంది. నల్ల తొడుగు ఊడదీయగలిగే కన్వర్టిబుల్ రకం కొంటే మొదటిదీ మూడోదీ ఒకే ధరలో వచ్చినట్టే.

మన కుటుంబ చిత్రాలకు వెండి అంబ్రెల్లా పనికిరాదనే చెప్పాలి. జరీ అంచు, కాసుల పేరు, చెమట పట్టిన నుదురు, నూనె రాసి దువ్విన జుట్టు, అన్నీ అద్దంలా వెలుగును తిప్పికొట్టేవే. వెండి పూత నుంచి వచ్చే వెలుగు వాటి మీద చుక్కలు చుక్కలుగా తెల్లబారుతుంది. అక్కడ జరీ నేత కనిపించదు, తెల్ల మచ్చ కనిపిస్తుంది. తెల్ల గుడ్డ నుంచి వచ్చిన వెలుగులో అదే జరీ బంగారంగానే ఉంటుంది. వైశాఖంలో పెళ్లి ముహూర్తాలు చూసుకునే ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

కొనేటప్పుడు చూడాల్సినవి రెండున్నాయి. కంపెనీలు చెప్పే 43 అంగుళాలు తరచూ గుడ్డ వంపు మీద కొలిచినవి. విప్పి అడ్డంగా కొలిస్తే అంతకన్నా నాలుగైదు అంగుళాలు తగ్గొచ్చు. ఇక ఫ్లాష్ జూమ్. దాన్ని 24 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య వెడల్పుగా పెట్టాలి. జూమ్ 105 దగ్గర వదిలేస్తే వెలుగు అంబ్రెల్లా నడిమధ్యన ఒక చిన్న వలయంలోనే పడుతుంది. పెద్దది కొని చిన్నది వాడినట్టవుతుంది.

సాఫ్ట్‌బాక్సు ఎప్పుడు కావాలి

సాఫ్ట్‌బాక్సు అంబ్రెల్లా కన్నా మెత్తటి వెలుగు ఇస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఒకే వెడల్పు, ఒకే దూరం అయితే రెండింటి మెత్తదనంలో తేడా స్వల్పం. సాఫ్ట్‌బాక్సు గొప్పతనం అదుపులో ఉంది. చుట్టూ నల్ల గుడ్డ ఉండటంతో వెలుగు పక్కకు చిందదు. ముందు గళ్ల గుడ్డ గ్రిడ్ కడితే ఇంకా కట్టడిగా పడుతుంది. గులాబీ రంగు గోడల గదిలో, లేదా వెనక గోడను చీకటిగా ఉంచి ముందు కూర్చున్న దంపతుల్ని మాత్రమే వెలిగించాలనుకున్నప్పుడు ఆ అదుపుకు విలువ ఉంటుంది.

ఇందులో ఎనిమిది పలకల ఆక్టాబాక్సు కుటుంబాలకు అనువైనది. 90 లేదా 120 సెంటీమీటర్లది, లోపల రెండో తెల్ల గుడ్డ కూడా ఉన్నది తీసుకోవాలి. ఆ లోపలి గుడ్డ లేకపోతే మధ్యలో వెలుగు ఎక్కువై అంచుల్లో తగ్గుతుంది. ఊచలు ఒక్కొక్కటీ బిగించే రకాన్ని ఫంక్షన్ హాలులో బంధువులు ఎదురుచూస్తుండగా కూర్చడం ఓ యజ్ఞం. గొడుగులా ఒక్క లాగుతో విచ్చుకునే రకం కొంచెం ధర ఎక్కువైనా దానికే ఖర్చు పెట్టాలి. సన్నగా పొడవుగా ఉండే స్ట్రిప్ బాక్సు, ముఖ కవళికల్ని చెక్కినట్టు చూపే బ్యూటీ డిష్ రెండూ ఫ్యాషన్ చిత్రాలకు పుట్టినవి. అమ్మమ్మ ముఖంలోని ప్రతి ముడతనూ ఎత్తిచూపే లైటు కుటుంబానికి అక్కర్లేదు.

బ్రాండు కన్నా ముఖ్యమైనది మౌంట్, అంటే లైటుకు తగిలించే కొక్కెం రకం. బ్రిటన్‌కు చెందిన బోవెన్స్ కంపెనీ 2017లో మూతపడింది. కానీ అది తెచ్చిన ఎస్ మౌంట్ బతికే ఉంది. గోడాక్స్ సహా ఎన్నో కంపెనీలు దాన్నే వాడుతున్నాయి. చిన్న స్పీడ్‌లైటును పట్టుకుని మరో వైపు ఎస్ మౌంట్ ఇచ్చే బ్రాకెట్లు కూడా చవకగా దొరుకుతాయి. ఈ రోజు స్పీడ్‌లైటుతో వాడిన ఆక్టాబాక్సును రేపు స్టూడియో లైటు కొన్నాక దానికీ తగిలించుకోవచ్చు. ఒక్క కంపెనీ లైటుకే పట్టే సామాను ఎంత చవకైనా ఆలోచించి కొనాలి.

పదిమంది నిలబడితే లెక్క మారుతుంది

అసలు పరీక్ష ఇక్కడే. ముందు వరసలో కుర్చీల్లో నలుగురు, వెనక ఆరుగురు అనుకుందాం. లైటు ముందు వరసకు రెండు మీటర్ల దూరంలో ఉంది, వెనక వరస ఇంకో మీటరు అవతల ఉంది. దూరం వర్గానికి విలోమంగా వెలుగు తగ్గుతుంది కాబట్టి ముందు కూర్చున్నవాళ్లకు వెనకవాళ్లకన్నా రెండుంపావు రెట్లు ఎక్కువ వెలుగు అందుతుంది. తాతగారి తెల్ల పంచె తేలిపోతుంది, వెనక నిలబడ్డ అల్లుడి ముఖం మసకబారుతుంది. అదే లైటును నాలుగు మీటర్లకు జరిపితే తేడా ఒకటిన్నర రెట్లకు దిగుతుంది. వెలుగు మొత్తం నాలుగో వంతు అవుతుంది, నిజమే. ఐఎస్‌ఓను 200 నుంచి 800కు పెంచితే ఆ లోటు తీరిపోతుంది. ఇప్పటి కెమెరాల్లో 800 దగ్గర బొమ్మ నాణ్యతకు భయపడనక్కర్లేదు.

పక్క నుంచి కొట్టే లైటుతో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. మూడు మీటర్ల వెడల్పు వరసకు ఒక చివర, మొదటి మనిషికి మీటరున్నర దూరంలో లైటు పెడితే, అవతలి చివరి మనిషికి అది నాలుగున్నర మీటర్లవుతుంది. అతనికి అందేది తొమ్మిదో వంతు వెలుగే. గ్రూప్ ఫోటోకు లైటు ఉండాల్సింది కెమెరాకు దగ్గర్లో, కాస్త పక్కగా, తల కన్నా బాగా ఎత్తులో. గురి కూడా దగ్గరి మనిషి మీద కాకుండా దూరపు చివర నిలబడ్డవాళ్ల మీద పెట్టాలి. అంబ్రెల్లా అంచు వెలుగు దగ్గరివాళ్లకు సరిపోతుంది, నడిమి వెలుగు దూరంవాళ్లకు చేరుతుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు, స్టాండు మీద మర కాస్త తిప్పితే చాలు.

లైటు దూరం జరిగే కొద్దీ చిన్న అంబ్రెల్లా చాలదు. నాలుగు మీటర్ల నుంచి 43 అంగుళాలది చిన్నదిగానే కనిపిస్తుంది. గ్రూప్ ఫోటోలే ఎక్కువ తీసేవాళ్లు 60 అంగుళాలది, హాలు ఎత్తు సరిపోతే ఏడడుగులది తీసుకోవడం మేలు. ఇంత పెద్దవైనా మంచి ఆక్టాబాక్సుకన్నా చవకే. చిన్న హాలులో మనుషుల్ని పొడవాటి గోడకు కాకుండా పొట్టి గోడకు నిలబెడితే లైటు వెనక్కి జరపడానికి చోటు దొరుకుతుంది.

ఇక కళ్లజోడు. లైటు ఎంత పెద్దదైతే అద్దంలో అంత పెద్ద తెల్ల మచ్చ పడుతుంది. స్టాండును జానెడు చొప్పున పైకి లేపుతూ పరీక్ష ఫోటోలు తీస్తే ఒక ఎత్తు దగ్గర మచ్చ అద్దం దాటి పోతుంది. అప్పటికీ పోకపోతే తాతగారి కళ్లజోడు కాడల్ని చెవుల మీద పావు అంగుళం పైకి జరపాలి. అద్దాలు రవ్వంత కిందికి వాలతాయి, ప్రతిబింబం నేల వైపు పోతుంది, కళ్లు కనబడతాయి. ఫోటోలో ఆ వాలు ఎవరికీ తెలియదు.

ఆరుబయట, గాలిలో

పెరట్లోనో పొలం గట్టునో తీసేవాళ్లు ఒక పరిమితిని ఒప్పుకోవాలి. మంచి ఎండలో ఐఎస్‌ఓ 100, షట్టరు 1/200 దగ్గర ఎపర్చరు ఎఫ్/11 దాకా మూయాల్సి వస్తుంది. అంబ్రెల్లా గుండా వచ్చే ఒక్క స్పీడ్‌లైటు పదిమందిని ఆ స్థాయిలో వెలిగించలేదు. హైస్పీడ్ సింక్ వాడితే షట్టరు వేగం పెరుగుతుంది గానీ ఫ్లాష్ శక్తి ఇంకా తగ్గుతుంది. వేపచెట్టు నీడకో, వసారాలోకో మారడం, లేదా పొద్దు వాలేదాకా ఆగడం ఖరీదైన లైటుకన్నా బాగా పనిచేస్తుంది.

గాలికి విప్పిన అంబ్రెల్లా తెరచాప అవుతుంది. స్టాండు కాలికి ఇసుక సంచి కట్టకపోతే ఫ్లాష్ నేల మీద పడటం ఖాయం. పిల్లలు పరుగులు తీసే చోట ఇది డబ్బు నష్టంతో పోయే విషయం కాదు. ఆన్‌లైన్‌లో ఫ్లాష్ కిట్లతో కలిపి ఇచ్చే పుల్లల్లాంటి స్టాండ్లను నమ్మకూడదు. ఒక మనిషిని అంబ్రెల్లా పట్టుకోమని నిలబెట్టగలిగితే అంతకన్నా క్షేమం లేదు.

థర్మాకోల్, పంచె

తెల్ల థర్మాకోల్ షీటు అద్భుతమైన రిఫ్లెక్టరు. కిటికీ వెలుగులో కూర్చున్న తల్లీబిడ్డలకు నీడ వైపున దాన్ని నిలబెడితే చాలు, ఫ్లాష్ అవసరమే లేని సందర్భాలూ ఉంటాయి. మడత పెట్టే అయిదు రకాల రిఫ్లెక్టరు ప్రయాణానికి బాగుంటుంది. అందులో తెలుపునూ, లోపలి పలచటి డిఫ్యూజరునూ వాడుకోవాలి. బంగారు రంగు వైపు చామనఛాయ చర్మాన్ని పసుపు పూసినట్టు చేస్తుంది.

పీవీసీ పైపుల చట్రానికి పలచటి నూలు పంచె బిగించి వెనక నుంచి ఫ్లాష్ కొడితే రెండు గజాల పొడవు లైటు తయారవుతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. నీలం పెట్టి ఉతికిన పంచె వెలుగుకు నీలి ఛాయ ఇవ్వొచ్చు. మొదట ఒక బూడిదరంగు కార్డును ఆ వెలుగులో ఫోటో తీసి, దాన్ని బట్టి వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోవాలి. చవక సాఫ్ట్‌బాక్సుల గుడ్డలకూ ఇదే పరీక్ష అవసరం. వాటిలో కొన్ని కొత్తప్పుడే పచ్చగా ఉంటాయి, కొన్ని వాడగా వాడగా పచ్చబడతాయి.

ఏది ముందు, ఏది తర్వాత

అన్నీ బేరీజు వేస్తే కొనుగోలు వరస స్పష్టంగానే తేలుతుంది. ముందు గోడనూ పైకప్పునూ వాడటం నేర్చుకోవాలి. తర్వాత నల్ల తొడుగు ఊడే తెల్ల కన్వర్టిబుల్ అంబ్రెల్లా: విడి మనుషులకూ చిన్న కుటుంబాలకూ 43 అంగుళాలది, గ్రూపులకు 60 అంగుళాలది. దానితో పాటే గట్టి స్టాండు, అంబ్రెల్లా బ్రాకెట్టు, ఫ్లాష్‌ను దూరం నుంచి పేల్చే వైర్‌లెస్ ట్రిగ్గరు, ఇసుక సంచి, రీఛార్జి చేసుకునే నిఖార్సైన డబుల్ ఎ సెల్లులు రెండు జతలు. పిల్లవాడు నవ్విన క్షణాన ఫ్లాష్ ఇంకా ఛార్జి కాకపోతే ఎంత మంచి అంబ్రెల్లా ఉన్నా లాభం లేదు. మూడోది థర్మాకోల్ షీటు. రంగు గోడల ఇళ్లలో తరచుగా పని చేయాల్సి వచ్చేవాళ్లు, ఫోటోగ్రఫీయే జీవనోపాధిగా ఉన్నవాళ్లు మాత్రమే ఆ తర్వాత గ్రిడ్ ఉన్న 120 సెంటీమీటర్ల ఎస్ మౌంట్ ఆక్టాబాక్సు గురించి ఆలోచించాలి. డోములు, బ్యూటీ డిష్‌లు, వెండి అంబ్రెల్లాల మీద కుటుంబ చిత్రాల కోసం డబ్బు పెట్టనక్కర్లేదు.

కొన్న సామానును మొదటిసారి విప్పాల్సింది ఫంక్షన్ రోజున కాదు. ఒక ఆదివారం ఇంట్లోవాళ్లనే రెండు వరసలుగా కూర్చోబెట్టి, లైటును రెండు మీటర్ల దూరంలో ఒకసారి, నాలుగు మీటర్ల దూరంలో ఒకసారి పెట్టి తీయండి. తర్వాత రెండు ఫోటోల్లోనూ వరస చివరి ముఖాన్ని పెద్దది చేసి పక్కపక్కన చూడండి. ఇంకేం కొనాలో, అసలు కొనాలో వద్దో ఆ రెండు ముఖాలే చెబుతాయి.